పేరు ఎవరిదని అడిగారు

నా దగ్గర నూట పద్నాలుగు పేర్ల పట్టిక ఒకటి ఉండేది. రూళ్ల పుస్తకంలో నాలుగు గళ్లు గీసి నా చేత్తో రాసుకున్నది. మొదటి గడిలో పేరు, రెండో గడిలో అక్షరాల లెక్క, మూడో గడిలో అర్థం, నాలుగో గడిలో ఆ మాట ఏయే భాషల్లో పేరుగా చెల్లుతుందో ఆ వివరం. హుకుంపేట మండలంలో ఒక కొండమీది ఉపకేంద్రానికి నర్సుగా వచ్చిన రెండో ఏడాది దాన్ని మొదలుపెట్టాను. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదివి, పెళ్లయి, తొలి కాన్పుకు నా దగ్గరికి వచ్చే అమ్మాయిలు బిడ్డ ఒళ్లు తుడవకముందే అడిగేవారు: "మేడం, కొత్త పేరు సెప్పండి. రెండక్షరాలు సాలు. ఊళ్లో ఎవురికీ ఉండకూడదు."

వారి విసుగు నాకు తెలియనిది కాదు. ఈ కొండల్లో పుట్టిన వారాన్ని బట్టి పిలవడం పాత అలవాటు. మా ఆశా కార్యకర్త ఉపకేంద్రానికి పైనున్న ఊరి కోడలే. ఒకసారి ఆమె నవ్వుతూ చెప్పింది: "మా ఆయన సోమోరం, మా మరిది శుక్రోరం, మా ఆడబిడ్డ బుధోరం. పెళ్లికి కార్డు కొట్టిస్తే కేలండరనుకొని గోడకి తగిలించీసినారు మేడం."

వారం పేరు పిలుపు కోసం మాత్రమే. దాని వెనక మరో పేరు ఉంటుంది. నక్షత్రాలు చూసి మంచిచెడ్డలు చెప్పే పెద్దను ఇక్కడ దిసారి అంటారు. ఆయన అడ్డాకు దొప్పలో నీళ్లు పోసి, ఆ ఇంట్లో పోయినవారి పేర్లు ఒక్కొక్కటే చెబుతూ ఒక్కొక్క బియ్యపు గింజ వదులుతాడు. ఏ పేరు దగ్గర గింజ మునగకుండా నిలుస్తుందో ఆ మనిషే తిరిగి వచ్చినట్టు లెక్క. అంతదాకా బిడ్డను గుంట అనే అంటారు, పేరు పెట్టి పిలవరు. ఒక్కో ఇంట్లో అది నెల, ఒక్కోచోట మూడు నెలలు. ఆచారం సంగతి నాకు పదిహేనేళ్లుగా తెలుసు. తెలిసి కూడా, నా రిజిస్టరుకు జరిగే ఆలస్యంగానే దాన్ని చూశాను. రిజిస్టరులో గడి ఖాళీగా ఉండటం నాకు సహించదు.

లీల అన్న పేరు నా పట్టికలో లేదు. దాని గురించి నాకు తెలిసినంత మాత్రం పట్టికలోని ఏ పేరు గురించీ తెలియదు.

మా నాన్నగారు విజయనగరం వైపు ఒక ఊళ్లో తెలుగు మాస్టారు. సంస్కృతంలో లీల అంటే ఆట అనీ, ప్రయాసలేని పని అనీ, దేవుడు ఈ లోకాన్ని చేసినది అవసరం కొద్దీ కాదు ఆటగా అనీ చెప్పేవారు. చాలా ఏళ్ల తరువాత, మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొన్నాళ్లు పనిచేసిన డాక్టరమ్మ తమ నాయనమ్మ పేరు లైలా అనీ, అరబ్బీలో దానికి రాత్రి అని అర్థమనీ చెప్పారు. పారశీకంలోకీ ఉర్దూలోకీ అది అక్కడినుంచే వచ్చిందట. కింది ఊరి పాస్టరుగారిని అడిగితే హీబ్రూలోనూ రాత్రిని దాదాపు అలాగే అంటారన్నారు. పడమటి దేశాల్లో ఈ రెండింటినీ కలిపేసి ఆడపిల్లలకు పెట్టుకుంటున్నారని, అక్కడివారు ఏది అడిగితే ఆ అర్థం చెప్పుకుంటారని ఫోనులో చదివాను. రెండు మాటలకూ చుట్టరికం లేదు. రెండు వేరు వేరు బావుల నీళ్లు. పలికినప్పుడు మాత్రం నోటికి ఒకేలా తగులుతాయి. ఒక చోట ఆట, ఇంకొక చోట చీకటి.

ఇంత తెలిసిన పేరును పట్టికలో ఎందుకు రాయలేదంటే అది నా చెల్లెలిది. నాకు తొమ్మిదేళ్లు, దానికి ఆరు. ఒక వానాకాలం గురువారం జ్వరం మొదలై ఆదివారం ఉదయం పోయింది. చివరి రెండు రోజులూ ఏమీ తినలేదు. రేషను కార్డులో దాని పేరును నాన్నగారు స్కేలు పెట్టి ఒకే గీతతో కొట్టేశారు. ఆ తరువాత మా ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. పక్కింటి అరుగు మీద ఎవరైనా దేవుడి లీలలని మొదలుపెడితే మా అమ్మ లేచి వచ్చేసేది. అమ్మ పోయి ఎనిమిదేళ్లయింది. ఆ పేరు పలకకూడదని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే ముప్పై ఎనిమిదేళ్లు పాటించాం.

వలిసె పూలు పొలాలన్నీ పసుపు చేసిన నెలలో, ఒక శుక్రవారం ఉదయం, ఆ పై ఊరి అమ్మాయి నా ఉపకేంద్రంలో ఆడపిల్లను కన్నది. తల్లి వయసు పందొమ్మిది. కాన్పు కష్టం కాలేదు. బిడ్డ తూకం రెండు వేల ఏడు వందల గ్రాములు. ఏడుపు గట్టిగా ఉంది, రంగు బాగుంది. భర్త కాఫీ కోత కూలికి పక్క కొండకు వెళ్లాడు. అత్తగారు చోడి అంబలి తేవడానికి ఊళ్లోకి వెళ్లింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం.

"మేడం, పేరు సెప్పండి. మా అత్త వచ్చీలోగా సెప్పీయండి. ఆవిడొస్తే గింజలంటాది, దిసారంటాది."

నేను పట్టిక కోసం బల్ల సొరుగు తెరవబోయాను. చెయ్యి సొరుగు మీద ఉండగానే నోరు ఆ మాట అన్నది. ఎందుకన్నదో నేను ఈ రోజు వరకూ తేల్చుకోలేదు. బిడ్డ పిడికిలి బిగించి గడ్డం కింద పెట్టుకుని ఉంది. నా చెల్లెలు అలాగే పడుకునేది. అయితే పిల్లలందరూ అలాగే పడుకుంటారు. అంతకుముందు నా చేతుల మీదుగా వచ్చిన నాలుగు వందల పైచిలుకు పిల్లల్లో ఎవరిని చూసీ నాకు ఆ మాట రాలేదు.

"లీల," అన్నాను.

"అంటే ఏటి మేడం?"

అక్కడ ఆగిపోయి ఉండవచ్చు. ఆగకుండా, పాఠం చెప్పినట్టు ఆటనీ రాత్రినీ మూడు భాషల్నీ చెప్పాను. అమ్మాయి కళ్లు పెద్దవి చేసింది. "మూడు బాసల్లో ఉన్నాదా? అయితే అదే. సదువుకున్నోళ్ల పేరులాగుంది." బిడ్డ చెవి దగ్గర వంగి రెండుసార్లు ఆ పేరు పిలిచింది. నేను రిజిస్టరులో, బిడ్డ కార్డు మీద, టాబ్లెట్‌లో మూడుచోట్లా రాశాను. గడులు నిండాయి.

ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఇరవై ఒకటో రోజు ఇంటికి వెళ్లి బిడ్డను తూచాలి. వేలాడే తూకానికి గుడ్డ ఊయల కట్టి తూస్తారు. మూడో రోజు రెండు వేల ఐదు వందల అరవై. తొలి రోజుల్లో కొంత తగ్గడం మామూలే. ఏడో రోజు రెండు వేల ఐదు వందల ఇరవై. అది కూడా మామూలే అని రాసుకున్నాను. పద్నాలుగో రోజుకు పుట్టినప్పటి తూకం తిరిగి రావాలి. ఆ రోజు నేనే స్వయంగా పైకి వెళ్లాను. రెండు వేల ఐదు వందలు. బిడ్డ రొమ్ము పట్టి, నాలుగు గుక్కలు తాగి, ముఖం తిప్పేసుకుంటోంది.

ఆ అమ్మాయి అత్తగారు గడప మీద కూర్చుని పిప్పళ్లు ఏరుతోంది. అరవై దాటిన మనిషి. తల ఎత్తకుండానే అడిగింది.

"పేరెట్టీసినావట. ఏటి?"

"లీల, మామ్మా."

"ఎవురిది?"

"ఆట అని అర్థం. ఇంకో భాషలో..."

"అర్తం నాకెందుకమ్మా? కుక్క మొరిగినా అర్తం ఉంటాది. ఎవురిదీ అని అడుగుతన్నాను."

ఆ ప్రశ్న ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు. నా పట్టికలో దానికి గడి లేదు. నాలుగు గళ్లు గీసినప్పుడు ఐదోది ఒకటి కావాలన్న ఊహ కూడా రాలేదు.

"ఎవరిదీ కాదు. పుస్తకంలోది," అన్నాను.

ముసలమ్మ అప్పుడు తల ఎత్తింది. "పుస్తకంలో పేరుకి మనిసి ఉండడేటి? ఎవురూ మొయ్యని పేరు ఎక్కడినుంచొస్తాది?"

నేను తూకం సర్దుకుంటున్నట్టు వంగాను. అబద్ధం చెప్పాలని ముందుగా అనుకోలేదు. నిజం చెబితే వాళ్లు భయపడతారనీ, భయంతో బిడ్డను ఆసుపత్రికి రానివ్వరనీ దారిలో దిగుతూ నాకు నేను చెప్పుకున్నాను. ఆ కారణం తరువాత దొరికినదే. అబద్ధం మాత్రం ముందే అయిపోయింది. డైరీలో ఆ రోజు పేజీలో తూకం రాశాను, పాలు పట్టే పద్ధతి చూపించానని రాశాను. ఆ మాట రాయలేదు.

ఇరవై ఒకటో రోజు రెండు వేల నాలుగు వందల పది. రోజుకు పాతిక గ్రాముల చొప్పున పెరిగి ఉంటే ఏడో రోజు నుంచి మూడు వందల యాభై చేరి, రెండు వేల ఎనిమిది వందల డెబ్బై ఉండాలి. నాలుగు వందల అరవై గ్రాముల లోటు. బిడ్డ ఏడుపు అప్పటికి సన్నబడింది. పిల్లి కూన గొంతులా ఉంది. కింది ఆసుపత్రికి తీసుకుపోదాం అన్నాను. అక్కడ పసిబిడ్డల వార్డు ఉంది. ఘాట్ రోడ్డు దిగితే మూడు గంటలు.

ముసలమ్మ నన్ను చాప దగ్గరికి పిలిచింది.

"సూడు. ఎటు పడుకోబెట్టినా మెడ ఆ పక్కకే. దిగువకి. మీ ఘాటీ పక్కకి."

పసిబిడ్డలు వెలుతురు వైపు తిరుగుతారనీ, అలవాటైన పక్కకే మెడ పడిపోతుందనీ చెప్పాను. చెప్పి ఊరుకోకుండా పరీక్షించాను. తల తలుపు వైపు ఉన్నప్పుడు మెడ కుడికి తిరిగి ఉంది. ఎత్తి, తలకూ కాళ్లకూ దిక్కు మార్చి పడుకోబెట్టాను. కాసేపటికి మెడ ఎడమకు వాలింది. దిక్కు ఒకటే. మూడోసారి తలుపు వేయించి చూశాను. గది చీకటైంది. మెడ మళ్లీ అటే. నాలుగోసారి చూడలేదు.

"పుస్తకంలోది అన్నావు గదా," అన్నది ముసలమ్మ.

"అవును మామ్మా."

"ఊఁ." ఆ రోజు బిడ్డను కిందికి పంపడానికి ఒప్పుకోలేదు.

ఇరవై మూడో రోజు, ఆదివారం, ఉదయం ఆరున్నరకు ఆశా కార్యకర్త ఫోను చేసింది. నిన్న మధ్యాహ్నం నుంచి బిడ్డ పాలు ముట్టలేదు, ఏడవడం లేదు, ఒళ్లు చల్లగా ఉంది. అంబులెన్సుకు ఫోను చేసి నేను పైకి బయలుదేరాను. బండి పదకొండు గంటలకు రోడ్డు చివరికి వస్తుందన్నారు. ఆ ఊరికి అక్కడినుంచి పావుగంట నడక.

నేను చేరేసరికి తొమ్మిదీ ఇరవై. థర్మామీటరు ముప్పై ఐదూ పాయింట్ రెండు చూపించింది. చర్మం నొక్కితే రంగు తిరిగి రావడానికి మూడు సెకన్లు దాటుతోంది. ఇవి ఆగగల లక్షణాలు కావు. సూది మందు మొదటి డోసు తొడకు ఇచ్చాను. సూది దిగినా బిడ్డ ఏడవలేదు. తల్లి రవిక విప్పించి బిడ్డను ఆమె రొమ్ముల మధ్య పెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి చుట్టాను.

"బండి వస్తోంది. బయలుదేరండి," అన్నాను.

ఎవరూ కదల్లేదు. తండ్రి అంతకుముందే దిసారిని పిలవడానికి పోయాడని అప్పుడు తెలిసింది.

ముసలమ్మ గొంతు పెంచలేదు. "ఇప్పుడు బండెక్కిస్తే ఎక్కేది మా గుంట కాదమ్మా. ఎవురో ఎక్కుతారు. ఆ రోడ్డు ఎవురింటికి ఎల్తాదో ఆ ఇంటికి ఎల్లిపోతారు. ఒళ్లొకటే మాకు తిరిగొస్తాది."

"ఇది జబ్బు మామ్మా. రక్తంలో జబ్బు."

"జబ్బు కాదని నానన్నానా? జబ్బుకి నువ్వు సూదేసినావు. మంచిదే. రెండోదానికి మందు నీ సంచిలో ఉన్నాదేటి?"

ఆశా కార్యకర్త నన్ను పక్కకు లాగింది. "మేడం, గింజలెయ్యనివ్వండి. అరగంటలో అయిపోతాది. కాదంటే సాయంత్రం దాకా కదలరు. నాకు తెలుసు గదా వీళ్లు. నానూ వీళ్లలోదాన్నే."

గడియారం చూసుకున్నాను. బండి రావడానికి గంటా పది నిమిషాలుంది. సరే అన్నాను.

దిసారి నా ఈడు మనిషి. ప్యాంటు చొక్కా వేసుకుని, జేబులో ఫోనుతో వచ్చాడు. ఫోను తీసి ఆపి గోడ పక్కన పెట్టాడు. దొప్పలో నీళ్లు పోసుకుని గుప్పెడు బియ్యం తీసుకున్నాడు. తమ కువి భాషలో చిన్నగా ఏదో అంటూ ఒక పేరు చెప్పి ఒక గింజ వదిలాడు. మునిగింది. రెండో పేరు. మునిగింది. ముసలమ్మ మధ్యమధ్య పేర్లు అందిస్తోంది. తన మామ, తన అత్త, పెద్ద పాము కరిచి పోయిన మరిది. నేను లెక్కపెట్టాను. ఏడు పేర్లు, ఏడు గింజలు. ఏడూ రాళ్లలా నేరుగా అడుగుకు పోయాయి.

ఆయన ఎనిమిదోది వేళ్ల మధ్య పట్టుకుని ఆగాడు. ఎవరి వైపూ చూడకుండా తెలుగులోనే అన్నాడు. "మా వోళ్లు గుమ్మం బయటే నిలబడిపోనారు. లోపల ఎవురో కూకున్నారు. ముందొచ్చినోళ్లు లెగాల."

అందరూ నా వైపు చూశారని చెప్పలేను. ముసలమ్మ చూడలేదు. ఆ అమ్మాయి మాత్రం చూసింది. దుప్పటిలోంచి బిడ్డ నెత్తి కొంచెమే కనబడుతోంది.

"మేడం," అన్నది, "మీరు సెప్పిన పేరే గదా. ఎవురిదైనా నాను తిట్టను. నిజం సెప్పీయండి. బేగి సెప్పండి మేడం."

"మా చెల్లెలిది," అన్నాను.

"ఉన్నాదా?" ముసలమ్మ అడిగింది.

"లేదు."

"ఎన్నేళ్ల గుంట?"

"ఆరు."

"ఎలా పోయింది?"

"జ్వరం."

"తిన్నాదా పోయేముందు?"

"రెండు రోజులు ఏమీ తినలేదు."

ముసలమ్మ ముఖంలో కోపం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. పొరుగింటి పిల్ల దారితప్పి మన ఇంటికి వస్తే పెద్దవాళ్లు ఎలా చూస్తారో, నా వెనక గోడ వైపు అలా చూసింది. ఆ చూపు నాకు కోపంకన్నా ఎక్కువ భయం కలిగించింది.

"పాపం, సిన్న గుంటే," అన్నది. "దానికి తెలీదు. పిలిస్తే వచ్చీసింది. నువ్వు తెచ్చినావు, నువ్వే తీసుకెల్లు. మీ ఇంట్లో ఎలా పిలిసీవోరో అలాగే పిలు. ఈ గుంట కేసి సూడకు."

నేను గడప దగ్గర నిలబడి వీధి వైపు తిరిగాను. మా ఊళ్లో సందె వేళ ఆటల్లోంచి దాన్ని పిలవడానికి నన్నే పంపేవారు. ఏమనేదాన్నో మరచిపోయానని అనుకున్నాను. మరవలేదు.

"లీలా, ఇంటికి పద. అమ్మ పిలుస్తోంది."

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అది తొమ్మిదేళ్ల పిల్ల గొంతు. వెనక్కు తిరగవద్దన్నారు, తిరగలేదు. నా వెనక దిసారి ఒక పేరు చెప్పాడు. తరువాత అందరూ ఒక్కసారి ఊపిరి వదిలిన చప్పుడు. గింజ నిలిచిందని ఆశా కార్యకర్త తరువాత చెప్పింది. అదే గుప్పెట్లోని బియ్యం, అవే నీళ్లు. ఆ పేరు నేను విన్నాను. అది వాళ్ల ఇంటిది, నేను రాయను.

అప్పటికి పదీ యాభై. బండెక్కుదాం అన్నాను. దిసారి తల అడ్డంగా ఊపాడు. గుంట వెళ్లే దారిన నేను వెళ్లకూడదట. నేను ముందుగా, వేరే దారిన, మునిగిన ఏడు గింజలూ కొంగున కట్టుకుని వెళ్లాలి. వాగు దాటేదాకా వెనక్కు చూడకూడదు.

నా ఉద్యోగ ధర్మం బిడ్డతో వెళ్లడం. దారిలో ఊపిరి ఆగితే ఏం చేయాలో ఆ బండిలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ మాట అన్నాను. ముసలమ్మ కోడలి భుజం మీద చెయ్యి వేసి, లేవకుండా నొక్కి పట్టుకుంది. ఇంకొక మాట అనడానికి నాకు సమయం లేదు. ఆశా కార్యకర్తకు మూడు సంగతులు చెప్పాను: బిడ్డను తల్లి ఒంటికి అంటించే ఉంచాలి, తల కప్పాలి, ఊపిరి ఆగితే అరికాలు గట్టిగా రుద్దాలి. మూడూ ఆమె చేత తిరిగి చెప్పించుకున్నాను. డాక్టరుకు చీటీ రాసిచ్చాను. చీటీలో పేరు రాయాల్సినచోట "ఆడబిడ్డ" అని మాత్రం రాశాను. వాళ్లు రోడ్డు వైపు దిగారు. నేను కాఫీ తోటల్లోంచి ఎదురు పక్కకు.

ఆ దారి నాకు కొత్త కాదు. ఏటా పోలియో చుక్కలకు ఆ దారినే వెళ్తాను. తోటల్లో ఎవరూ లేరు. ఆదివారం కోత ఉండదు. సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియాల తీగలు పాకి ఉన్నాయి. ఎక్కడా ఆకు కదలడం లేదు. కొంగు ముడి తడిగా తొడకు తగులుతోంది. బండి ఘాటీలో ఎక్కడుందో, బిడ్డ ఊపిరి ఉందో లేదో, నాకు సిగ్నలు లేదు. వాగు దాకా మామూలుగా నా నడకకు గంటన్నర. ఆ రోజు వాగు దాటి గడియారం చూసుకుంటే రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. ఎక్కడా కూర్చోలేదు. ఎక్కడా ఆగలేదు. ఎంత బేగి వెళ్లాలనుకున్నా, పక్కన పొట్టి కాళ్లతో ఎవరో వస్తున్నప్పుడు మనం నడిచినట్టు నడిచాను.

సాయంత్రం నాలుగూ పదికి ఫోను వచ్చింది. "మేడం, గాజు పెట్టెలో ఎట్టినారు. ముక్కులోకి గొట్టం. దారిలో ఒకసారి ఆగింది. అరికాలు రుద్దినాను, వచ్చింది. రెండు రోజులైతే గాని సెప్పలేరంట."

ఆ రెండు రోజులూ నేను ఉపకేంద్రం విడిచి పోలేదు. రక్తంలో ఇన్‌ఫెక్షను అని డాక్టరు తేల్చారు. మరి కొన్ని గంటలైతే దక్కేది కాదన్నారట. గింజల దగ్గర పోయినది సుమారు గంట. దాన్ని నేను చాలాసార్లు లెక్కవేశాను. ఎన్నిసార్లు వేసినా గంట దగ్గర ఆగడం లేదు. పద్నాలుగో రోజున, ఎవురిది అని అడిగినప్పుడు, నేను నిజం చెప్పి ఉంటే ఆ రోజే గింజలు వేసేవారు, మర్నాడే బండి ఎక్కేవారు. పద్నాలుగు నుంచి ఇరవై మూడుకు తొమ్మిది రోజులు. ఆ తొమ్మిదీ దిసారివి కావు, ముసలమ్మవి కావు. నావి.

తరువాతి ఆదివారం మా ఊరు వెళ్లాను. మా ఇల్లు ఇప్పుడు వేరేవారిది. పిల్లల్ని పూడ్చే ఏటి ఒడ్డున గింజలు వదిలి వచ్చాను. పట్టిక ఇప్పుడు నా దగ్గర లేదు.

పదకొండు రోజులకు బిడ్డను పైకి తెచ్చారు. నలభై రెండో రోజు తూకం వేయాలి. ఆ రోజు వెళ్లడానికి భయపడ్డాను, వెళ్లాను. తల్లి నన్ను చూసి నవ్వింది. ముసలమ్మ కూర్చోమని పీట వేసింది, అంబలి ఇచ్చింది. బిడ్డను మాత్రం నా చేతికి ఇవ్వలేదు. ఆశా కార్యకర్త గుడ్డ ఊయలలో పడుకోబెట్టి ఎత్తి పట్టుకుంది. నేను రెండు అడుగుల అవతల నిలబడి అంకె చదివాను.

"రెండు వేల ఎనిమిది వందల తొంభై."

నా గొంతు వినగానే బిడ్డ మెడ ఇటు తిరిగింది. ఆరు వారాల పిల్లలు ఏ గొంతుకైనా తిరుగుతారు. ముసలమ్మ గబుక్కున లేచి వచ్చి, పిప్పళ్ల మట్టి అంటిన అరచెయ్యి ఆ చిన్న చెవి మీద కప్పింది. కప్పి, బిడ్డ ముఖం తన వైపు మెల్లగా తిప్పుకుంది. పాలు తాగే వేళ అయింది, తల్లి ఎత్తుకుని లోపలికి పోయింది. లోపలినుంచి గుటకలు వినబడేదాకా అక్కడే నిలబడి లెక్కపెట్టాను. ఇరవై దాటాక బయలుదేరాను.

ఇప్పటికి ఆ ఇంటికి మరో నాలుగుసార్లు వెళ్లాను. తూకం ప్రతిసారీ పెరిగింది. అంకెను పైకి చదవడం మానేశాను. ఆశా కార్యకర్త ఊయల ఎత్తి పట్టుకుంటుంది. నేను చూసి, నోరు తెరవకుండా వేళ్లతో చూపిస్తాను.